దసలి పట్టు జీవితకథ చెప్పిన వైద్యుడు: విలియం రాక్స్‌బర్గ్

సామర్లకోట పేరు వినగానే తెలుగువారికి కుమారభీమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. రైలు ప్రయాణికులకు కాకినాడ వైపు చీలే కూడలి గుర్తుకు వస్తుంది. కానీ రెండు శతాబ్దాలకు పూర్వం ఆ ఊరిలో ఒక వైద్యుడు పన్నెండేళ్లు నివసించాడనీ, సైనికుల గాయాలకు కట్లు కట్టిన చేతులతోనే మిరియాల తీగలు నాటాడనీ, కొండల నుండి తెప్పించిన లక్క పుల్లలను గాజు సీసాలలో ఉంచి దినదినమూ పరిశీలించాడనీ తెలిసినవారు తక్కువ. ఆ వైద్యుడే విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా లోకం ఆయనను గౌరవిస్తున్నది. వృక్షశాస్త్రంలో ఆయన కీర్తి ఎంత గొప్పదైనా, ప్రకృతిని ఆయన చూసిన తీరు తెలియాలంటే ఒక చిన్న ప్రాణి కథను ఆశ్రయించాలి. ఆ ప్రాణి మన అడవులలో మద్ది చెట్లమీద, రేగు చెట్లమీద బతికే దసలి పట్టుపురుగు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్ దేశంలోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించాడు. ఆ కాలంలో మందులన్నీ దాదాపుగా మొక్కల నుండే లభించేవి. అందువల్ల వైద్య విద్యార్థులు వృక్షశాస్త్రం కూడా చదివేవారు. జాన్ హోప్ అనే ఆచార్యుడు అక్కడ ఆ శాస్త్రాన్ని బోధించేవాడు. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ రూపొందించిన వర్గీకరణ పద్ధతిని తన శిష్యులకు నేర్పినవాడు ఆయనే. ఒక మొక్కను చూసినప్పుడు దాని పూవును విప్పి, కేసరాలను లెక్కించి, కాయను కోసి, గింజను పరీక్షించి, ఆ తరువాతనే దానికి పేరు పెట్టాలన్న క్రమశిక్షణ రాక్స్‌బర్గ్‌కు ఆ గురువు వద్దనే అలవడింది. ఈ అలవాటే తరువాతి కాలంలో ఆయన జీవితాన్ని నడిపించింది.

చదువు ముగించి, ఈస్టిండియా కంపెనీ ఓడలలో సహాయ వైద్యుడిగా పనిచేసిన రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసులో కంపెనీ వైద్యశాఖలో చేరాడు. రోగులను చూడడంతోపాటు ప్రతిదినమూ పలుమార్లు గాలి ఒత్తిడినీ, ఉష్ణోగ్రతనూ, వర్షాన్నీ నమోదు చేసే పనిని ఆయన స్వచ్ఛందంగా చేపట్టాడు. మద్రాసు వాతావరణాన్ని గురించి ఆయన రాసిన దినచర్య లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఎవరూ అడగకపోయినా, తక్షణ ప్రయోజనం కనిపించకపోయినా, చూసినదానిని చూసినట్లు తేదీతో సహా రాసిపెట్టుకోవడం ఆయన స్వభావం.

1781లో ఆయనను సామర్లకోట సైనిక స్థావరానికి పంపారు. ఉత్తర సర్కారులు కంపెనీ అధీనంలోకి వచ్చి అప్పటికి పదిహేనేళ్లు మాత్రమే గడిచాయి. ఒకవైపు గోదావరి డెల్టా, మరొకవైపు తూర్పు కనుమలు, దగ్గరలోనే సముద్రం. వృక్షశాస్త్రజ్ఞుడికి ఇంతకంటే సంపన్నమైన ప్రదేశం లభించడం కష్టం. లిన్నేయస్ ప్రత్యక్ష శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోయినిగ్ అప్పటికే మద్రాసు రాజధానిలో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా ఉన్నాడు. ఆయన సాహచర్యం రాక్స్‌బర్గ్ పరిజ్ఞానానికి పదును పెట్టింది. కోయినిగ్ 1785లో కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురంలో మరణించాడు. ఆయన స్థానంలో విశాఖపట్నంలో నివసిస్తున్న పాట్రిక్ రస్సెల్ నియమితుడయ్యాడు. తెలుగు నేలమీది పాములను గురించి గొప్ప గ్రంథం రాసిన వైద్యుడు రస్సెల్. ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లిన తరువాత ఆ బాధ్యత రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ ఒక ప్రయోగాత్మకమైన తోటను పెంచాడు. రాజమహేంద్రవరం ప్రాంతపు కొండలలో అడవి మిరియాల తీగలు ఉన్నాయని గుర్తించి, వాటిని తెప్పించి నాటించాడు. కాఫీ, దాల్చిన చెక్క, మల్బరీ, నీలిమందు మొక్కలను పరీక్షించాడు. అంకుడు చెట్టు ఆకుల నుండి కూడా నీలిరంగు తీయవచ్చునని ప్రయోగాలు చేసి నిరూపించాడు. ఈ కృషి వెనుక కంపెనీ వ్యాపార ప్రయోజనం ఉన్నదన్నమాట వాస్తవం. మిరియాలైనా, నీలిమందైనా, పట్టయినా లండన్ విపణికి చేరి లాభాలు తెచ్చిపెట్టాలన్నదే యజమానుల కోరిక. రాక్స్‌బర్గ్ ఆ కొలువు చేసినవాడే. అయితే ఆయన స్థానికులను తక్కువగా చూడలేదు. పెద్దాపురం, పిఠాపురం సంస్థానాలలో రైతులు చెరకు పండించే పద్ధతిని పొలాలలో నిలబడి తెలుసుకొని, దుక్కి మొదలుకొని బెల్లం వంట వరకు వివరంగా రాశాడు. అక్షరం రాని రైతు చేతిలో ఉన్న శాస్త్రాన్ని శాస్త్రంగానే గౌరవించాడు.

1787 మే నెలలో గోదావరి సాగర సంగమ ప్రాంతాన్ని ఘోరమైన తుపాను ముంచెత్తింది. సముద్రం పొంగి కోరంగి, ఇంజరం పరిసర గ్రామాలను కబళించింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పొంగులోనే రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి సేకరించిన ఎండు మొక్కలు, గ్రంథాలు, చేతి రాతలు కొట్టుకుపోయాయి. సంవత్సరాల శ్రమ ఒక్కరోజులో నీటిపాలైంది. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ముప్పయి ఆరేళ్లు. మరొకరైతే ఆ పనికి స్వస్తి చెప్పి ఉద్యోగంతో తృప్తి పడేవారేమో! రాక్స్‌బర్గ్ మాత్రం మొదటి మొక్క నుండి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన పేరును నిలిపిన గ్రంథాలన్నీ ఆ తుపాను తరువాత వెలువడినవే.

ఆ తుపాను జరిగిన రెండేళ్లకు, 1789 చివరలో, కొండల నుండి కొన్ని పుల్లలు ఆయనకు అందాయి. వాటిని తాజా లక్క అంటిపెట్టుకొని ఉంది. లక్క చెట్టు కార్చే బంక అని కొందరు, పురుగు కట్టే గూడు అని కొందరు వాదించుకుంటున్న కాలమది. రాక్స్‌బర్గ్ వాదానికి దిగలేదు. ఆ పుల్లలను వెడల్పు మూతి గల గాజు సీసాలలో వేసి, పలుచని మూత కప్పి, వేచి చూశాడు. పద్నాలుగవ రోజున లక్క పైభాగంలోని సన్నని రంధ్రాల నుండి కంటికి ఆనీ ఆననంత చిన్న ఎర్రని పురుగులు వేలకొలదిగా బయటికి వచ్చి పుల్లలమీద పాకసాగాయి. ఆ పరిశీలన ఆధారంగా లక్క పురుగు జీవన దశలను ఆయన వర్ణించాడు. ఆ వ్యాసం 1791లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

నర్సీపట్నానికి చేరువలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో ఈనాటికీ అంకుడు కర్రను చెక్కి, దానికి లక్క పూసి అందమైన బొమ్మలను తయారుచేస్తున్నారు. ఆ అంకుడు చెట్టును గురించీ, ఆ లక్క పురుగును గురించీ తొలినాళ్లలో శాస్త్రీయంగా రాసినవారిలో ఒకడు పక్క సీమలోని సామర్లకోట వైద్యుడు కావడం ఈ ప్రాంతపు విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం.

లక్క వ్యాసం రాస్తున్న కాలంలోనే ఉత్తర సర్కారులలో వరుసగా వానలు తప్పాయి. 1789 నుండి 1792 వరకు సాగిన ఆ క్షామంలో పల్లెలకు పల్లెలే ఖాళీ అయ్యాయి. తన వాతావరణ నమోదుల సహాయంతో రాక్స్‌బర్గ్ ఆ అనావృష్టి తీరును అధ్యయనం చేశాడు. పూర్వం కూడా ఇటువంటి కరవులు వచ్చాయా అని విచారించగా, పిఠాపురం సంస్థానంలో భద్రపరచిన పాత వృత్తాంతాల ద్వారా 1685 నుండి 1687 వరకు సంభవించిన కరవు సంగతి తెలిసింది. కరవు ఒక్కసారి వచ్చి పోయే ఆపద కాదనీ, మళ్లీ మళ్లీ రాగలదనీ ఆయన గ్రహించాడు. వరి ఎండిపోయినా ప్రాణం నిలిపే చెట్లను గట్లమీద, బాటల పక్కన పెంచాలని సూచించాడు. కొబ్బరి, పనస, సగ్గుబియ్యపు చెట్టు వంటివి ఆయన సూచించిన వాటిలో ఉన్నాయి. చెట్టును వ్యాపార వస్తువుగా మాత్రమే చూసే ప్రభుత్వానికి చెట్టు ప్రాణరక్షకమని చెప్పిన వైద్యుడాయన.

సామర్లకోటలో ఆయన చేసిన కృషికి శిఖరం కోరమండల్ తీరపు మొక్కలను గురించిన బృహద్గ్రంథం. స్థానిక చిత్రకారులను నియమించుకొని, ప్రతి మొక్కనూ సహజ పరిమాణంలో, పూవునూ కాయనూ విడివిడిగా చూపుతూ వర్ణచిత్రాలు వేయించాడు. ఆ చిత్రాలను, వాటి వివరణలను లండన్‌కు పంపాడు. అక్కడ ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ వాటి నుండి 300 చిత్రాలను ఎంపిక చేశాడు. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా ఆ గ్రంథం వెలువడింది. అయితే ఆ అపురూప చిత్రాలను గీసిన మన చిత్రకారుల పేర్లు అచ్చులో చోటు చేసుకోలేదు. పేర్లు పోయినా వారి గీతల నైపుణ్యం ఆ పుటలలో సజీవంగా నిలిచి ఉంది.

రాక్స్‌బర్గ్ మరొక మేలు చేశాడు. మొక్క లాటిన్ పేరుతోపాటు తెలుగువారు దానిని ఏమని పిలుస్తారో కూడా రాసిపెట్టాడు. ఆ పేర్లను చెప్పినవారు కట్టెలు కొట్టేవారు, పశువులు కాచేవారు, నాటు వైద్యులు, కొండ ప్రజలు. సోమిద చెట్టు బెరడు జ్వరాలకు మందుగా పనికివస్తుందని ఆయన ఐరోపా వైద్యులకు తెలియజేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అనే పేరునే స్థిరపరచారు. ఆ విధంగా ఒక తెలుగు చెట్టు పేరు లోకమంతటా శాస్త్రనామమై నిలిచింది.

1793లో కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్‌లో ఉన్న కంపెనీ వృక్షోద్యానానికి రాక్స్‌బర్గ్ అధిపతిగా నియమితుడయ్యాడు. ఆ ఉద్యానాన్ని స్థాపించిన రాబర్ట్ కిడ్ ఆ ఏడాదే మరణించాడు. హుగ్లీ నది ఒడ్డున రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆయన పెట్టిన శ్రద్ధతో ఆ ఉద్యానం ఆసియా ఖండంలోనే పేరెన్నికగన్న విజ్ఞాన కేంద్రంగా ఎదిగింది. రాక్స్‌బర్గ్ పర్యవేక్షణలో భారతీయ చిత్రకారులు గీసిన మొక్కల చిత్రాల సంఖ్య 2,500కు మించింది. సామర్లకోటలో అలవడిన పద్ధతి అక్కడ మహావృక్షంగా విస్తరించింది.

కలకత్తాలో ఉన్నప్పుడే ఆయన దృష్టి అడవి పట్టుమీద నిలిచింది. వంగదేశంలోని టస్సర్, ఆముదపు పట్టుపురుగులను గురించి ఆయన రాసిన వ్యాసాన్ని లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ 1804లో తన పత్రికలో చిత్రాలతో సహా ప్రచురించింది. టస్సర్ అని ఉత్తరాదివారు పిలిచే ఈ పట్టునే తెలంగాణలోని చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాలవారు దసలి పట్టు అంటారు.

పురుగు ఎట్లా పుడుతుంది, ఏ ఆకు తింటుంది, ఎట్లా రూపాంతరం చెందుతుంది అనే ప్రశ్నలను జీవించి ఉన్న ప్రాణిని చూసి తేల్చుకోవాలన్న సంప్రదాయం అప్పటికి కొత్తది. దానికి బాట వేసిన వారిలో మేరియా సిబిల్లా మెరియన్ అనే జర్మన్ చిత్రకారిణి ముఖ్యురాలు. ఆమె బాల్యంలోనే పట్టుపురుగులను పెంచి పరిశీలించింది. 1699లో, యాభై రెండేళ్ల వయస్సులో, దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడలో ప్రయాణించింది. అక్కడి అరణ్యాలలోని పెద్ద పట్టుచిలుకలను, వాటి గొంగళి పురుగులను, అవి తినే మొక్కలతో కలిపి చిత్రించింది. ఆ చిత్రాల గ్రంథం 1705లో వెలువడింది. అక్కడి పురుగులు అల్లే దారం మంచి పట్టుకు పనికివస్తుందని కూడా ఆమె భావించింది. ఆ దక్షిణ అమెరికా పట్టుచిలుకలూ మన దసలి పట్టుచిలుకా ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు సాటర్నిడే అంటారు. రాత్రివేళ ఎగరడం, విశాలమైన రెక్కలు, వాటిమీద గాజు కిటికీల వంటి పారదర్శకమైన మచ్చలు వీటిలో పలు జాతులకు సామాన్య లక్షణాలు. ఒకే కుటుంబపు ప్రాణులు మహాసముద్రాలకు ఇరువైపులా ఉన్న అడవులలో ఒకే విధమైన జీవితం గడపడం ప్రకృతిలోని వింతలలో ఒకటి.

రాక్స్‌బర్గ్ వర్ణించిన దసలి పురుగు జీవితాన్ని నేటి శాస్త్రం మరింత స్పష్టంగా చెబుతున్నది. ఆయన కాలంలో దానికి వాడిన శాస్త్రనామం తరువాత మారింది. ఇప్పుడు దానిని ఆంథీరియా మైలిట్టా అని పిలుస్తున్నారు. తూర్పు కనుమలు, గోదావరి పరీవాహక అడవులు, మధ్య భారతం, జార్ఖండ్, వంగదేశం దీనికి నివాస భూములు. నల్లమద్ది, తెల్లమద్ది, గుగ్గిలం, రేగు ఆకులు దీనికి ప్రధానాహారం.

తొలకరి వానలు కురిసి మద్ది చెట్లు కొత్త చిగుళ్లు వేసే వేళకు పట్టుచిలుక గూటి నుండి వెలువడుతుంది. ఒక విధమైన ద్రవాన్ని స్రవించి, గట్టి గూటి కొనను మెత్తబరచి, దారాలను తోసుకుంటూ బయటికి వస్తుంది. ముడుచుకొని తడిసి ఉన్న రెక్కలు కొద్దిసేపటిలో విచ్చుకుంటాయి. వాటి విస్తీర్ణం ఈ కొన నుండి ఆ కొనకు దాదాపు 15 సెంటీమీటర్లు. నాలుగు రెక్కలమీదా నాలుగు కన్నుల వంటి మచ్చలు ఉంటాయి. ప్రతి మచ్చ నడుమ అభ్రకపు రేకులా మెరిసే భాగం ఉంటుంది. ఇంత అందమైన ప్రాణికి ఆహారం తినే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని జీవితకాలపు పాథేయం. ఆ శక్తితో అది జీవించేది సుమారు ఒక వారం మాత్రమే.

ఆ కొద్ది రోజులలోనే దాని జీవిత ధర్మం నెరవేరాలి. ఆడచిలుక చీకటిలో ఒకచోట నిలిచి ఒక విధమైన వాసనను గాలిలోకి వదులుతుంది. మగచిలుక తన ఈకల వంటి మీసాలతో ఆ వాసనను పసిగట్టి చాలా దూరం నుండి ఎగిరి వస్తుంది. ఆ తరువాత ఆడచిలుక సుమారు 200 గుడ్లు పెట్టి మరణిస్తుంది. తొమ్మిది పది రోజులలో గుడ్లు చిట్లి చిన్న పురుగులు బయటపడతాయి. మొదటి క్షణం నుండి వాటికి ఆకు తినడమే పని. పెరిగే ఒంటికి చర్మం చాలక నాలుగు సార్లు కుబుసం విడుస్తాయి. చివరి దశలో పురుగు పచ్చని ఆకు రంగులో, పక్కల వెండి చుక్కలతో, 10 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఋతువును బట్టి ఈ దశకు నెల నుండి రెండు నెలల వరకు పడుతుంది.

పిదప పురుగు తినడం మానుతుంది. ఆకులను దగ్గరికి లాగి, ముందుగా కొమ్మ చుట్టూ ఒక ఉంగరాన్ని, దాని నుండి దిగే గట్టి తొడిమను అల్లుతుంది. ఆ తొడిమకు వేలాడే కాయవలె గూడు కట్టుకుంటుంది. అందుకే దీనిని మన ప్రాంతాలవారు పట్టుకాయ అనడం సార్థకం. ఆకులు రాలిపోయినా, గాలి వీచినా కాయ నేల రాలదు. శీతకాలం, ఎండాకాలం గూటిలో నిద్రాణంగా గడిపి, మళ్లీ తొలకరికి చిలుకై మేల్కొంటుంది. ఎండలు మండే నెలలలో ఆకు లేదు కాబట్టి ప్రాణి లేదు అనుకోకూడదు. ఆ మోడు కొమ్మకు వేలాడే కాయలోనే వచ్చే ఏటి అడవి దాగి ఉంటుంది.

మల్బరీ ఆకులు తినే పట్టుపురుగును మనుషులు వేల ఏళ్లుగా ఇళ్లలో పెంచుతున్నారు. దాని చిలుకకు రెక్కలున్నా ఎగరలేదు. మనిషి ఆకు వేయకపోతే ఆ జాతి బతకలేదు. దసలి పురుగు అటువంటిది కాదు. దానికి చెట్టు కావాలి, గాలి కావాలి, వాన కావాలి. ఇంటి గదులలో పెట్టి పెంచాలని చూస్తే మగచిలుకలు ఎగిరిపోతాయని వంగదేశంలో అనుభవజ్ఞులు తెలిపిన సంగతిని రాక్స్‌బర్గ్ తన వ్యాసంలో పొందుపరచాడు. అడవి ప్రజలు మాత్రం దానికి తగిన ఉపాయం కనుగొన్నారు. దానిని ఇంటికి తెచ్చి బంధించడానికి బదులు వారే చెట్ల వద్దకు వెళ్లి కాపు కాసేవారు. పగలు కాకుల నుండీ రాత్రి గబ్బిలాల నుండీ పురుగులను రక్షించేవారు. ఈ పట్టును గురించిన మొదటి పాఠాలు కొండవాసులే చెప్పారు. రాక్స్‌బర్గ్ వాటిని శ్రద్ధగా విని, పరీక్షించి, లోకానికి తెలియజేశాడు.

ఆ వ్యాసంలో ఆముదపు ఆకులు తినే మరొక పట్టుపురుగు కూడా ఉంది. దాని గూటి నుండి దారం ఏకధాటిగా రాదు. పత్తిలా ఏకి వడకాలి. ఆ బట్ట ముతకగా ఉన్నా ఒక జీవితకాలం చిరగదని చెప్పుకునేవారు. తల్లి కట్టిన బట్ట కూతురికి సంక్రమించేదట. చౌకైన, తేలికైన, మన్నిక గల దసలి పట్టు అమెరికాకూ దక్షిణ ఐరోపాకూ ఎంతో ఉపకరిస్తుందని రాక్స్‌బర్గ్ తలచాడు. సంపన్నుల సొగసుకు కాక సామాన్యుల ఒంటికి పనికివచ్చే పట్టును గురించి ఆయన ఆలోచించాడు.

ఎడతెగని శ్రమ, వంగదేశపు వాతావరణం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. 1813లో ఆయన భారతదేశాన్ని విడిచాడు. దారిలో సెయింట్ హెలెనా ద్వీపంలో ఆగినప్పుడు కూడా, అనారోగ్యాన్ని లెక్కచేయక అక్కడి మొక్కల పట్టికను తయారుచేశాడు. స్వదేశం చేరిన కొద్దికాలానికే 1815లో ఎడింబరోలో మరణించాడు. ఆయన జీవితకాల కృషి అయిన భారతీయ వృక్ష గ్రంథం అప్పటికి చేతిరాతలోనే ఉంది. దానిని వెలుగులోకి తెచ్చిన మిత్రుడు శ్రీరాంపురంలోని విలియం కేరీ. 1814లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసిన కేరీయే అదే సంవత్సరం రాక్స్‌బర్గ్ ఉద్యానపు మొక్కల జాబితాను ప్రకటించాడు. 1832లో ఆయన వృక్ష గ్రంథాన్ని మూడు సంపుటాలుగా సంపూర్ణంగా ముద్రించాడు. రాక్స్‌బర్గ్ అంతకుముందే ఒక చెట్టు ప్రజాతికి కేరియా అని మిత్రుని పేరు పెట్టి ఉన్నాడు. హిమాలయాలలో పెరిగే చీర్ దేవదారుకు తరువాతివారు రాక్స్‌బర్గ్ పేరు పెట్టారు. స్నేహాలు చెట్ల పేర్లలో నిలిచిపోయాయి.

రాక్స్‌బర్గ్ పరాయి ప్రభుత్వపు ఉద్యోగి. ఆయన సేకరించిన జ్ఞానం ఆ ప్రభుత్వ ప్రయోజనాలకూ ఉపకరించింది. ఆయనకు మొక్కలు తెచ్చి ఇచ్చినవారి పేర్లు, బొమ్మలు గీసినవారి పేర్లు చరిత్ర మరచిపోయింది. ఈ లోపాలను మరుగుపరచడం న్యాయం కాదు. అయినప్పటికీ ఆయన నుండి నేర్చుకోవలసినది లేకపోలేదు. పుస్తకాలలోని వాదాలతో తృప్తిపడక ప్రాణిని ప్రాణిగా చూడడం, పోగొట్టుకున్నదానికి కుంగక మళ్లీ మొదలుపెట్టడం, అడవిలో నివసించేవారి అనుభవాన్ని విద్యగా గుర్తించడం ఆయన జీవితం బోధించే పాఠాలు.

దసలి పట్టు నేటికీ గదిలో పుట్టేది కాదు. మద్ది చెట్టు నిలిచి ఉన్నచోటనే అది ఉంటుంది. చెట్టును నరికితే పురుగు పోతుంది, పురుగు పోతే పట్టుకాయ పోతుంది, పట్టుకాయతోపాటు దానిమీద ఆధారపడిన కొండవాసుల బతుకుతెరువూ పోతుంది. నర్సీపట్నం దాటి చింతపల్లి దారిలో కనుమ ఎక్కే విద్యార్థి ఆ మద్ది చెట్లను, రేగు పొదలను ఒక్కసారి నిదానించి చూడాలి. రెండు వందల ఏళ్ల కిందట ఒక వైద్యుడు అటువంటి చెట్లను చూసే తన గ్రంథాలను నింపాడు. ఆ చెట్లను కాపాడుకోవడమే ఆయనకూ, పేరు తెలియని ఆ చిత్రకారులకూ, కొండవాసులకూ మనం చూపగల గౌరవం.

పదాలు – అర్థాలు

అనావృష్టి: వానలు లేకపోవడం
క్షామం: కరవు
పాథేయం: దారి బత్తెం
నిద్రాణం: నిద్రించుచున్న స్థితి
సార్థకం: అర్థవంతం
విపణి: అంగడి, బజారు
కుబుసం: ప్రాణి విడిచే పైచర్మం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చేసిన కృషిని వివరించండి.
2. దసలి పట్టుపురుగు జీవిత దశలను వర్ణించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదేసి పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లక్క పురుగును రాక్స్‌బర్గ్ ఏ విధంగా పరిశీలించాడు?
2. క్షామ నివారణకు ఆయన చేసిన సూచనలు ఏవి?
3. మల్బరీ పట్టుపురుగుకూ దసలి పట్టుపురుగుకూ గల భేదం ఏమిటి?